365 ఓట్లతో గెలిచిన బిల్లు ఎందుకు అటకెక్కింది? అమెరికా కాంగ్రెస్‌లో ఎవరు ఆపారో తేల్చుకోవడం ఎలా

మీరు అడిగింది ఇదీ: ఉద్యోగ గ్రీన్‌కార్డుల్లో దేశాలవారీ పరిమితి ఎత్తేసే బిల్లు 2019లో హౌస్‌లో (అమెరికా కాంగ్రెస్ దిగువ సభ) 365–65తో గెలిచింది. రెండు పార్టీల వాళ్లూ ఓటేశారు. అయినా చట్టం కాలేదు. రిపబ్లికన్లు డెమోక్రాట్ల మీద, డెమోక్రాట్లు రిపబ్లికన్ల మీద నెపం నెడుతున్నారు. అసలు ఆపింది ఎవరు?

పార్టీ పేరుతో జవాబు చెబితే అది తప్పు జవాబే అవుతుంది. ఆ బిల్లు విషయంలో తిలా పాపం తలా పిడికెడు. అలాగని తేల్చుకోలేమని కాదు. బిల్లు ఏ గుమ్మం దగ్గర ఆగిందో, అక్కడ అడ్డుపడ్డ మనిషి ఏం అడిగాడో రికార్డులో ఉంటుంది. దాన్ని చదవడం వస్తే ఈ ఒక్క బిల్లే కాదు, రేపు షట్‌డౌన్ (నిధులు మంజూరు కాక ప్రభుత్వ పనులు ఆగిపోవడం) వచ్చినా, మరో వలస బిల్లు వచ్చినా టీవీలో ఎవరేమన్నా మీరు తడబడరు.

ముందు మన అలవాటును పక్కన పెట్టాలి. మన దేశంలో లోక్‌సభలో మెజారిటీ ఉన్న పార్టీయే ప్రభుత్వం. విప్ జారీ చేస్తే సభ్యులు ధిక్కరించడం కష్టం, 1985 నుంచి ఫిరాయింపుల చట్టం ఉంది. మామూలు బిల్లుపై రాజ్యసభ ఒప్పుకోకపోతే రాజ్యాంగం 108వ అధికరణం కింద ఉమ్మడి సమావేశం పెట్టుకోవచ్చు. అమెరికాలో వీటిలో ఒక్కటీ లేదు. విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోదు. రెండు సభలూ అక్షరం తేడా లేకుండా ఒకే పాఠాన్ని ఆమోదించాలి, ఆ తర్వాతే అధ్యక్షుడి సంతకం. ఉమ్మడి సమావేశంలో ఓటింగ్ అనే మాటే లేదు. అందుకే హౌస్‌లో 365 ఓట్లు వచ్చినా ఎగువ సభ సెనేట్‌ను అవి కదిలించలేవు. సెనేట్ ఆ బిల్లును ముట్టుకోకుండా రెండేళ్లూ కూర్చోవచ్చు.

ఇప్పుడు ఆ బిల్లు సంగతి. ఏటా ఉద్యోగ కోటాలో సుమారు 1,40,000 గ్రీన్‌కార్డులు. ఈ లెక్క 1990 చట్టంలోది. భార్యాభర్తలు, పిల్లలు కూడా ఇందులోకే వస్తారు. ఈబీ-1, ఈబీ-2, ఈబీ-3 అనే ఉద్యోగ కేటగిరీల్లో ఒక్కోదానికి 28.6 శాతం, అంటే దాదాపు 40,040. ఏ దేశానికైనా 7 శాతం మించకూడదు కనక ఒక్కో కేటగిరీలో భారత్ వాటా దాదాపు 2,800. ఇతర దేశాలు వాడుకోనివి మిగిలితే పాత ప్రయారిటీ డేట్ల (వరసలో చేరిన తేదీల) క్రమంలో మనవాళ్లకు వస్తాయి, మిగలకపోతే లేదు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వెళ్లి ఈబీ-2లో చేరినవాళ్లు వీసా బులెటిన్‌లో డేట్ కదిలిందా అని నెలనెలా చూసుకోవడానికి కారణం ఈ గుణకారమే.

హెచ్.ఆర్. 1044ను జో లోఫ్‌గ్రెన్ (కాలిఫోర్నియా డెమోక్రాట్), కెన్ బక్ (కొలరాడో రిపబ్లికన్) కలిసి 2019 ఫిబ్రవరిలో తెచ్చారు. జులై 10న నెగ్గింది. ఉద్యోగ కోటాలో 7 శాతం పరిమితి ఎత్తేస్తుంది, కానీ మొత్తం 1,40,000 మాత్రం పెంచదు. పీటముడి ఇక్కడే ఉంది. మొత్తం పెరగకుండా వరస మారిస్తే మనవాళ్ల నిరీక్షణ తగ్గినంత మేరా ఇంకెవరిదో పెరుగుతుంది. ఫిలిప్పీన్స్ నర్సు, బ్రెజిల్ ఇంజనీరు, ఇరాన్ పరిశోధకుడు ఆ వరసలో వెనక్కి జరుగుతారు. వాళ్లను ఉద్యోగంలో పెట్టుకున్న ఆస్పత్రులూ విశ్వవిద్యాలయాలూ ప్రతి రాష్ట్రంలో ఉన్నాయి, ప్రతి రాష్ట్రానికీ ఇద్దరు సెనేటర్లు ఉన్నారు. ఇది పార్టీల తగవు కాదు, వరసలో నిలబడ్డవాళ్ల మధ్య తగవు. మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ మాట ఎవరూ ఎత్తరు. ఎత్తకపోతే మాత్రం సెనేట్‌లో జరిగింది అర్థం కాదు.

సెనేట్‌లో దీనికి జోడు బిల్లు ఎస్. 386. తెచ్చింది మైక్ లీ (యూటా రిపబ్లికన్), కమలా హారిస్ (కాలిఫోర్నియా డెమోక్రాట్). అప్పటి మెజారిటీ నాయకుడు మిచ్ మెకానల్ దానికి సభా సమయం కేటాయించలేదు. సమయం ఎందుకంత పిరమో చెప్పాలి. ఒక్క సెనేటర్ మొండికేసినా బిల్లును ఓటుదాకా తేవాలంటే 16 మంది సంతకాలతో క్లోచర్ (చర్చ ముగించాలనే) పిటిషన్ వేయాలి, మధ్యలో ఒక రోజు ఆగాలి, 60 ఓట్లు తెచ్చుకోవాలి, ఆపైన 30 గంటల దాకా చర్చకు వదలాలి. ఈ తతంగం చర్చ మొదలుపెట్టడానికి ఒకసారి, బిల్లును ముగింపుకు తేవడానికి మరోసారి. చిన్న బిల్లు కూడా వారం రోజులు తినేస్తుంది. ఆ వారంలో నాయకుడు న్యాయమూర్తుల నియామకాలు చేయించుకోగలడు. అందుకే చాలా బిల్లులు ఓడిపోవు, వంతు రాక ఆగిపోతాయి. ఆ ఆగిపోవడానికి ఓటు రికార్డు ఉండదు కనక ఎవరి మీదా మచ్చ పడదు.

సమయం దొరకని బిల్లుకు మిగిలేది ఏకగ్రీవ సమ్మతి. అది ఎలా ఉంటుందో సభను ప్రత్యక్ష ప్రసారం చేసే సీ-స్పాన్ చానల్‌లో ఒకసారి చూడండి. దాదాపు ఖాళీ సభ. ఒక సెనేటర్ లేచి ఫలానా బిల్లును ఆమోదించినట్టు భావించాలని ఏకగ్రీవ సమ్మతి కోరతాడు. అధ్యక్ష స్థానంలో ఉన్న సభ్యుడు అభ్యంతరం ఉందా అని అడుగుతాడు. ఒక్కరు లేచి ‘అభ్యంతరం’ అంటారు. అభ్యంతరం నమోదైంది అని అధ్యక్ష స్థానం ప్రకటిస్తుంది. అంతే, నూరు మంది సభలో ఒక్క గొంతుతో ఆ రోజుకు ఆ బిల్లు కథ ముగిసింది. ఓట్ల జాబితాలో దీని జాడ ఉండదు. ఆ తేదీ కాంగ్రెషనల్ రికార్డు (సభలో మాట్లాడిన మాటల అధికారిక నమోదు) తెరిస్తేనే ఎవరన్నారో, ఎందుకన్నారో కనిపిస్తుంది.

ఎస్. 386కు అలా అడ్డుపడ్డవాళ్లను వరసగా చూడండి. మొదట ర్యాండ్ పాల్ (కెంటకీ రిపబ్లికన్), నర్సుల కోసం. ఆయనతో ఒప్పందం కుదిరేసరికి 2019 సెప్టెంబరులో డేవిడ్ పర్డ్యూ (జార్జియా రిపబ్లికన్). ఆయనను సర్దేసరికి అక్టోబరులో డిక్ డర్బిన్ (ఇల్లినాయ్ డెమోక్రాట్). మొత్తం సంఖ్య పెంచకుండా వరస మారిస్తే మిగతా దేశాలవాళ్లు ఏళ్ల తరబడి ఆగిపోతారన్నది డర్బిన్ వాదన. సంఖ్యనే పెంచాలంటూ ప్యాట్రిక్ లేహీతో కలిసి వేరే బిల్లు పెట్టారు. డిసెంబరులో లీ, డర్బిన్ రాజీ పడ్డారు. 2020లో రిక్ స్కాట్ (ఫ్లోరిడా రిపబ్లికన్) అడ్డుపడ్డారు. ముగ్గురు రిపబ్లికన్లు, ఒక డెమోక్రాట్. బిల్లు తెచ్చింది ఒక రిపబ్లికన్, ఒక డెమోక్రాట్. దీన్ని ఏ పార్టీ ఖాతాలో వేస్తారు?

చివరికి 2020 డిసెంబర్ 2న సెనేట్ ఏకగ్రీవంగా ఆమోదించింది. ఆ రోజు మనవాళ్లు చాలామంది పండగ చేసుకున్నారు. కానీ అడ్డుపడ్డ ఒక్కొక్కరిని ఒప్పించడానికి ఒక్కొక్క షరతు చేరుస్తూ పోయారు కదా, ఆమోదించిన పాఠం హౌస్ పాఠం కాదు. నర్సుల్లాంటి కొరత వృత్తులకు ప్రత్యేక వాటా చేరింది. చైనా కమ్యూనిస్టు పార్టీ సభ్యులపై నిషేధం చేరింది. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకూ వాళ్ల కుటుంబాలకూ ఏటా ఇన్ని శాతానికి మించకూడదన్న పరిమితి చేరింది, అదీ మనవాళ్లకే తగిలేది. సవరించిన పాఠం హౌస్‌కు తిరిగొచ్చింది. ఒప్పుకోవడమా, మళ్లీ బేరమాడటమా అన్నది తేలకముందే 2021 జనవరి 3న 116వ కాంగ్రెస్ రెండేళ్ల కాలం ముగిసిపోయింది. కాంగ్రెస్ ముగిస్తే పెండింగు బిల్లులన్నీ రద్దు. రెండు సభలూ రెండు రకాలుగా ‘సరే’ అన్నాయి, చట్టం మాత్రం పుట్టలేదు.

ఇది ఆ ఒక్కసారి దురదృష్టం కూడా కాదు. 2011 నవంబర్ 29న ఇదే ఆలోచనతో హెచ్.ఆర్. 3012 హౌస్‌లో 389–15తో నెగ్గింది. సెనేట్‌లో చక్ గ్రాస్లీ (అయోవా రిపబ్లికన్) హోల్డ్ పెట్టారు, అంటే ఏకగ్రీవ సమ్మతికి ఒప్పుకోనని ముందే చెప్పారు, హెచ్-1బి తనిఖీలు కట్టుదిట్టం చేయాలన్నారు. 2012లో ఒప్పందం కుదిరి హోల్డ్ తీసేసినా బిల్లు గట్టెక్కలేదు. 2013లో దిశ తారుమారైంది: సమగ్ర వలస బిల్లు ఎస్. 744 సెనేట్‌లో 68–32తో నెగ్గితే, హౌస్ స్పీకర్ జాన్ బేనర్ దాన్ని ఓటుకే పెట్టలేదు. తన పార్టీలో మెజారిటీ ఒప్పుకోని బిల్లును స్పీకర్ తేకపోవడం అక్కడ ఒక ఆనవాయితీ, రాసిపెట్టిన నియమం కాదు. 2022 డిసెంబరులో దేశాలవారీ పరిమితి ఎత్తేసే ఈగిల్ యాక్ట్ అనే బిల్లు హౌస్ ఓటింగు జాబితాలోకి వచ్చి, ఓట్లు సరిపోయేలా లేవని వెనక్కి వెళ్లింది. నాలుగుసార్లూ ఆగిన చోటు వేరు, అడ్డుపడ్డవాళ్లు వేరు.

ఓట్ల అంకెలను నమ్మేటప్పుడు జాగ్రత్త. 2024 ఫిబ్రవరి సరిహద్దు బిల్లే తీసుకోండి. జేమ్స్ లాంక్‌ఫర్డ్ (రిపబ్లికన్), క్రిస్ మర్ఫీ (డెమోక్రాట్), కిర్స్టెన్ సినిమా (స్వతంత్ర) నెలల తరబడి కూర్చుని రాశారు. సరిహద్దు ఆంక్షలతోపాటు మనవాళ్లకు నేరుగా తగిలేవి అందులో ఉన్నాయి: అయిదేళ్లపాటు ఏటా 50,000 అదనపు గ్రీన్‌కార్డులు, వాటిలో 18,000 ఉద్యోగ కోటాలో. హెచ్-1బి ఉద్యోగుల హెచ్-4 జీవిత భాగస్వాములకు పని అనుమతి. హెచ్-1బి తల్లిదండ్రుల పిల్లలు 21 దాటగానే వరస కోల్పోకుండా రక్షణ. ఫిబ్రవరి 7న క్లోచర్ ఓటు 49–50. కావాల్సింది 60.

ఆ ‘వద్దు’ జాబితా తెరిస్తే డెమోక్రాటిక్ నాయకుడు చక్ షూమర్ పేరు ఉంటుంది. ఆయన బిల్లుకు వ్యతిరేకి కాదు. గెలిచిన పక్షాన ఓటేసినవారే పునఃపరిశీలన కోరగలరు కనక, ఓడిపోతున్నామని తెలిశాక నాయకుడు ‘వద్దు’కు మారతాడు. ఇది తెలియనివాళ్లు షూమరే ఓడించాడని స్క్రీన్‌షాట్లు పంచుతుంటారు. అదే జాబితాలో బెర్నీ శాండర్స్, ఎలిజబెత్ వారెన్, ఎడ్ మార్కీ, అలెక్స్ పడీయా ఉన్నారు. వాళ్లవి నిజమైన ‘వద్దు’లే. అవతల ‘కావాలి’ అన్న రిపబ్లికన్లు నలుగురే: లాంక్‌ఫర్డ్, కాలిన్స్, మర్కౌస్కీ, రామ్నీ. సరిహద్దు చర్యలు లేనిదే ఉక్రెయిన్ సాయం ఇవ్వమని పట్టుబట్టింది రిపబ్లికన్లే. చర్చలు సాగుతుండగానే ట్రంప్ వద్దన్నారు, హౌస్‌కు వస్తే చెల్లదని స్పీకర్ మైక్ జాన్సన్ తేల్చేశారు, పాఠం బయటికొచ్చిన మూడు రోజులకు పార్టీ జారుకుంది. ఇక్కడ తప్పెవరిదంటే నా జవాబు సూటిగానే ఉంటుంది: బేరం అడిగి, బేరం కుదిరాక కాదన్నవాళ్లదే పెద్ద వాటా. ఎడమవైపు ‘వద్దు’లు అయిదారు, అవి ఇటు మారినా 60 దరిదాపుల్లోకి రాదు.

మేలో షూమర్ అదే బిల్లును విడిగా మళ్లీ ఓటుకు పెట్టారు. 43–50. బిల్లు రాసిన లాంక్‌ఫర్డ్, సినిమా కూడా ‘వద్దు’ అన్నారు. ఆ ఓటు చట్టం కోసం పెట్టింది కాదు, ఎన్నికల ఏడాదిలో మేం తెచ్చాం వాళ్లు కాదన్నారు అని చెప్పుకోవడానికి పెట్టింది. ఓడిపోతుందని ముందే తెలిసీ, ఒక్క అక్షరం మార్చకుండా అదే పాఠాన్ని మళ్లీ పెడితే అది ప్రచార ఓటని గుర్తుపట్టండి. రెండు పార్టీలూ చేస్తాయి. కుదిరిన ఒప్పందం కన్నా తెగని తగవు ఎన్నికల్లో ఎక్కువ పనికొస్తుందని రెండు పక్షాలూ లెక్క వేసుకున్నంత కాలం ఈ తంతు సాగుతుంది.

షట్‌డౌన్లలో నిందల లెక్క కాస్త వేరు. 2025లో షట్‌డౌన్ అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా 43 రోజులు సాగింది. అంతకుముందు రికార్డు 2018–19లో 35 రోజులు. హౌస్ తాత్కాలిక నిధుల బిల్లును సెప్టెంబర్ 19న 217–212తో నెగ్గించి వెళ్లిపోయింది, నవంబర్ 12 దాకా ఓటింగుకు తిరిగి రాలేదు. సెనేట్‌లో రిపబ్లికన్లు 53. ర్యాండ్ పాల్ కాదన్నారు, డెమోక్రాట్ల వైపు నుంచి ముగ్గురు కలిశారు, అంకె 55 దగ్గర ఆగింది. ఏడాది చివర్లో ముగిసే ఆరోగ్య బీమా సబ్సిడీలను పొడిగిస్తేనే ఓటేస్తామని డెమోక్రాట్లు. ముందు ప్రభుత్వం తెరవండి, తర్వాత మాట్లాడదామని రిపబ్లికన్లు. ‘రెండు సభలూ వైట్‌హౌసూ మీవే, మమ్మల్నంటారేం’ అన్నది ఒకరి మాట. ‘60 కావాలి, మాకున్నది 53’ అన్నది ఇంకొకరి మాట. రెండూ నిజమే. నిజం ఎవరు చెబుతున్నారని వెతికితే ఏమీ తేలదు, ఎవరి చేతిలో ఏ మీట ఉందో చూడాలి. డెమోక్రాట్ల చేతిలో మిగతా అయిదు ఓట్లు ఉన్నాయి. రిపబ్లికన్ల చేతిలో సబ్సిడీపై బేరం ఉంది, సాధారణ మెజారిటీతో 60 నియమాన్నే మార్చేసే దారీ ఉంది. ట్రంప్ ఆ పని చేయమన్నా సెనేట్ మెజారిటీ నాయకుడు జాన్ థూన్ ఒప్పుకోలేదు. ఎవరూ తమ మీట నొక్కకూడదని నిర్ణయించుకున్నారు, ఎవరికి వారు అవతలివాళ్ల మీటనే చూపించారు. చివరికి డెమోక్రాట్ల పక్షం నుంచి ఎనిమిది మంది కలవడంతో 60–40తో తెరుచుకుంది.

ఈ 60 ఓట్ల నియమం రాజ్యాంగంలోది కాదని కూడా తెలుసుకోవాలి. క్లోచర్ 1917లో వచ్చింది, మూడింట రెండొంతులు కావాల్సింది 1975లో 60కి దిగింది. 2013లో డెమోక్రాట్లు సుప్రీంకోర్టు మినహా నియామకాలకు, 2017లో రిపబ్లికన్లు సుప్రీంకోర్టుకు కూడా తీసేశారు. బడ్జెట్ బిల్లులకు రికన్సిలియేషన్ అనే పక్కదారి ఉంది, 51 ఓట్లు చాలు. వలస సంస్కరణ అందులో పట్టదు: బడ్జెట్ ప్రభావం నామమాత్రంగా ఉన్న విధానపు మార్పులను బర్డ్ నియమం గెంటేస్తుంది. 2021లో డెమోక్రాట్లు వలస ప్రతిపాదనలతో వెళ్తే పార్లమెంటేరియన్ (సెనేట్ నియమాల సలహాదారు) ఎలిజబెత్ మెక్‌డొనా మూడుసార్లు తిప్పికొట్టారు. పన్నులైతే ఇట్టే పడతాయి. ఇళ్లకు డబ్బు పంపడంపై పన్ను 2025లో ఆ దారినే వచ్చింది. హౌస్‌లో పౌరులు కానివారికి 3.5 శాతంగా నెగ్గి, సెనేట్‌లో 1 శాతానికి తగ్గి, నగదు, మనీ ఆర్డర్ల వంటివాటికే పరిమితమైంది. పక్కదారి ఉన్నచోట ప్రతిష్టంభన లేదని చూశారుగా.

షట్‌డౌన్ మీ మీద ఎలా పడుతుందో కూడా చెప్పి తీరాలి. వలస దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ ఫీజులతో నడుస్తుంది కనక ఆగదు. కార్మిక శాఖ ఆగవచ్చు. 2018–19లో ఆ శాఖకు నిధులు ముందే మంజూరై ఉన్నాయి, ఆగలేదు. 2025లో లేవు, ఎల్‌సీఏలూ (హెచ్-1బికి కావాల్సిన కార్మిక శాఖ ధ్రువీకరణ) పెర్మ్‌లూ (గ్రీన్‌కార్డుకు కావాల్సినది) అక్టోబర్ చివరి దాకా నిలిచిపోయాయి. ఎల్‌సీఏ లేనిదే హెచ్-1బి పొడిగింపు గానీ, కంపెనీ మార్పు గానీ వేయలేరు. మామూలుగా దానికి ఏడు పనిదినాలు పడుతుంది. హెచ్-1బి గడువు ముగియడానికి ఆరు నెలల ముందు నుంచే పొడిగింపు పిటిషన్ వేయవచ్చు. కాబట్టి నిధుల గడువు దగ్గరపడుతోందంటే అంతకు కనీసం మూడు వారాల ముందే ఎల్‌సీఏ తీసి పెట్టుకోమని మీ కంపెనీ లాయరును అడగండి. షట్‌డౌన్ వల్లే ఆలస్యమైందని చూపితే గడువు దాటిన పిటిషన్‌ను యూఎస్‌సీఐఎస్ మన్నించే వీలుంది. అది వాళ్ల విచక్షణ, హక్కు కాదు.

ఇక రికార్డు చదివే పద్ధతి. కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో బిల్లు నంబరు కొట్టి ‘యాక్షన్స్’ ట్యాబులో చివరి వరస చూడండి. కమిటీకి పంపినట్టు మాత్రమే ఉంటే ఆపింది కమిటీ చైర్మన్, అంటే మెజారిటీ పార్టీ. సెనేట్ క్యాలెండర్‌లో చేర్చారని ఉండి ముందుకు కదలకపోతే మెజారిటీ నాయకుడు, లేదా ఎవరిదో హోల్డ్. క్లోచర్ తిరస్కరించారని ఉంటే రోల్‌కాల్ (ఎవరెలా ఓటేశారన్న జాబితా) నంబరు నొక్కి పేర్లు చూడండి. నాయకుడి ‘వద్దు’ను పక్కన పెట్టి, 60కి ఎన్ని తక్కువో, ఆ లోటు ఏ పార్టీ నుంచి వచ్చిందో లెక్కపెట్టండి. ఒక సభ సవరణతో ఆమోదించిందని ఉంటే బంతి రెండో సభ దగ్గర ఉన్నట్టు. సహప్రాయోజకుల సంఖ్యను మాత్రం మద్దతుగా లెక్కించకండి. హెచ్.ఆర్. 1044కు 300 మందికి పైగా ఉన్నారు. పేరు చేర్చడానికి ఖర్చేం లేదు.

మీ ప్రతినిధి ఆఫీసుకు ఫోన్ చేసేవాళ్లు (కేపిటల్ స్విచ్‌బోర్డు 202-224-3121) ‘బిల్లుకు మద్దతివ్వండి’ అని అడిగి పెట్టేస్తారు. ఉద్యోగి పిన్‌కోడ్ రాసుకుని ధన్యవాదాలు చెబుతాడు, అంతటితో సరి. సెనేటర్ అయితే ఏకగ్రీవ సమ్మతికి అభ్యంతరం చెబుతారా, చెబితే ఏ షరతు మారితే విరమిస్తారని అడగండి. హౌస్ సభ్యుడైతే 218 సంతకాల డిశ్చార్జ్ పిటిషన్ వస్తే సంతకం పెడతారా అని అడగండి. స్పీకర్‌ను దాటి బిల్లును సభకు తెచ్చే ముఖ్యమైన దారి అది. ఓటు లేకపోయినా హెచ్-1బి మీద ఉన్నవాళ్లు ఫోన్ చేయవచ్చు, కలవవచ్చు. ఎన్నికల విరాళం మాత్రం ఇవ్వకూడదు, అది చట్టవిరుద్ధం. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఇవ్వవచ్చు.

అడగాల్సిన సమయం కూడా ముఖ్యం. 2025 జనవరిలో మొదలైన 119వ కాంగ్రెస్ 2027 జనవరి 3న ముగుస్తుంది. సెనేట్ సవరణలు హౌస్‌కు తిరిగి రావడానికి కనీసం కొన్ని నెలలు మిగిలేలా అడగాలి. 2020లో మిగిలింది నెల రోజులే.